దేహాలంకరణము – దాని సామాజిక ప్రయోజనము
(పురానాపూల్ ప్రాంతమునుబట్టి ఒక పరిశీలనము)

1. ప్రశ్న

పుట్టుకతో వచ్చిన రూపముతో తృప్తిచెంది ఊరకున్న మనుష్యసమాజము చరిత్రలో ఎచ్చటను కానరాదు. దక్షిణాఫ్రికాలోని బ్లొంబోస్ గుహలో దొరకిన, రంధ్రములుగల నత్తగుల్లల పూసలు సుమారు 75,000 ఏండ్లనాటివి. ఆల్ప్స్ పర్వతముల మంచులో 1991లో బయల్పడిన, అయిదువేల ఏండ్లకు పైబడిన పురుషుని దేహముమీద 61 పచ్చబొట్లు లెక్కకు వచ్చినవి. మన నేలమీద, మెతుకుసీమలోని కొండాపురమున, గులాం యాజ్దానీ ఆధ్వర్యవమున 1940వ దశకపు తొలినాళ్ళలో జరిగిన త్రవ్వకములలో శాతవాహనులనాటి మట్టిబొమ్మలతోపాటు పలురకముల పూసలు బయటపడినవి. తిండికిని నీడకును తడవులాడుకొను దశలోనే మనుష్యుడు పూసకు బెజ్జము వేయుటకు తీరిక చేసికొనెనన్నమాట. ఈ శ్రమ ఏల?

ఈ ప్రశ్నకు సామాన్యముగ రెండు సమాధానములు వినవచ్చును. స్త్రీపురుషులు ఒకరినొకరు ఆకర్షించుటకై అలంకరించుకొందురనునది మొదటిది. కామశాస్త్రకారులు దంతములకు, వస్త్రములకు, అంగములకు రంగులు పెట్టుటను, మాలలు గ్రుచ్చుటను, గంధయుక్తిని, భూషణయోజనమును అరువదినాలుగు కళలలో చేర్చుటచే ఈ అభిప్రాయమునకు బలము కలిగినది. కలిమిని నలుగురికి చూపుకొనుటకే అలంకారమనునది రెండవది. నీతికారులును సంస్కర్తలును దీనిని తఱచుగ చెప్పిరి.

ఈ రెండింటిలోను సత్యాంశము కలదు. కాని రెండును చాలవని మా అభిప్రాయము. అలంకారము ప్రధానముగ ఒక గుర్తు. ఒక వ్యక్తి సమాజములో ఏ స్థితియందున్నదియు లోకమునకు తెలుపు గుర్తు. అది ఒకరు తమంతట తాము తగిలించుకొనునది మాత్రమే కాదు. ఇతరులు ఇచ్చునది, ఇతరులు తీసికొనునది. ఇచ్చు వేళను మాత్రమే చూచిన దీని స్వభావము పూర్తిగ తెలియదు. తీయు వేళను చూడవలెను. ఈ విషయమును గాలిలో చర్చించుటకంటె, అలంకారవస్తువులు తరతరములుగ నడచిన ఒక దారిని తీసికొని పరిశీలించుట మేలు. గోల్కొండనుండి కార్వాన్ మీదుగ పురానాపూల్ దాటి, చార్మినారు చెంతనున్న లాడ్‌బజారునకు చేరు అయిదాఱు మైళ్ళ బాట అందులకు మిక్కిలి అనుకూలమైనది.

2. వంతెన

పురానాపూల్ 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున మూసీనదిపై కట్టబడినది. సుమారు 600 అడుగుల నిడివిగల ఈ రాతివంతెన హైదరాబాదు వంతెనలలో మొదటిది. నగరమునకంటె 13 ఏండ్లు పెద్దది. దీనిని కట్టించిన ప్రభువును తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమందినవాడు ఈతడే. ఈతని అధికారియగు అమీనుఖానుడు పొన్నెగంటి తెలగనార్యుని యయాతిచరిత్రమునకు కృతిభర్త. 17వ శతాబ్దిలో ఈ వంతెనను చూచిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, అందమున ఇది పారిస్ నగరములోని పోన్‌నెఫ్‌కు ఇంచుమించు సాటియని వ్రాసెను. ఆ పేరునకు అర్థము కొత్తవంతెన యని. మన వంతెనకు నేటి పేరు పాతవంతెన. 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరదలో దెబ్బతినియు ఇది నిలిచినది. 18వ శతాబ్దపు నగరప్రాకారమునకు గల ద్వారములలో నేటికి మిగిలినవి రెండే: దబీర్‌పురా ద్వారము, ఈ వంతెనకడ నున్న పురానాపూల్ ద్వారము.

ఈ వంతెనపుట్టుకనుగూర్చి జనులు చెప్పుకొను కథ విదితమే. యువరాజు మహమ్మద్ కులీ చించలమను గ్రామములోని భాగమతిపై మక్కువతో పొంగుచున్న మూసీలో గుఱ్ఱమును దింపెననియు, తండ్రి భయపడి వంతెన కట్టించెననియు ఆ కథ. మహమ్మద్ కులీ 1565లో జన్మించెను. వంతెన పూర్తియగునప్పటికి ఆతనికి 13 ఏండ్లు. భాగమతిని ఫెరిష్తా పేర్కొన్నను, ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ ఆ కథను చరిత్రగ అంగీకరింపలేదు. వంతెనకు వేఱొక కారణము కంటి యెదుటనే యున్నది. గోల్కొండనుండి మచిలీపట్టణపు రేవునకు పోవు వర్తకమార్గము మూసీని దాటవలసియుండెను. బిడారులు, బండ్లు, ఎడ్లు, సైన్యములు వానకాలమున ఆగిపోకుండుటకు వంతెన కావలసివచ్చినది.

ఈ కథను ఇచట ప్రస్తావించుటకు కారణము కలదు. వంతెనకు జనులు చెప్పిన కారణమును, అలంకారమునకు జనులు చెప్పు కారణమును ఒక్కటే: సౌందర్యముపై మోహము. మోహము లేదని మేము చెప్పము. వంతెనమీద ప్రేమికులును నడచియే యుందురు. కాని వంతెనను నిలిపినది దానిమీద నిత్యము సాగిన రాకపోకలు. అలంకారమును నిలిపినదియు అట్టి రాకపోకలే. అవి వస్తువులవి కావు, మర్యాదలవి.

3. రవ్వ

వంతెనకు గోల్కొండవైపునగల కార్వాన్ పేరే బిడారులు దిగిన తావును తెలుపుచున్నది. 1671లో మూసాఖాన్ కట్టించిన తోలీమసీదు నేటికిని అచట కలదు. వజ్రములు, ముత్యములు అమ్ముకొను వర్తకులు ఈ పేటలో నివసించిరి. గోల్కొండ వజ్రములని లోకము పిలిచినవి గోల్కొండలో పుట్టినవి కావు; కృష్ణాతీరపు గనులలో పుట్టి ఇచటి అంగళ్ళలో చేతులు మారినవి. వానిలో మిక్కిలి పేరొందినది కొల్లూరు గని. తావెర్నియే చూచునప్పటికి అచట స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి 60,000 మంది పనిచేయుచుండిరని ఆతని లెక్క. ఆ గనుల తావు నేడు పులిచింతల జలాశయపు నీటిపాలయినది.

త్రవ్విన చేతికిని తొడిగిన చేతికిని గల అంతరము ఇచట గమనింపదగినది. నిర్ణీతమైన తూకమునకు మించిన రాయి రాజునకు చెందవలెను. గనికూలీలు గోచిపాటి గుడ్డతో పనిచేయుచుండ, వారిపై కావలివాండ్రు నిలిచియుండిరి. ఒక కూలీ కంటికొలకులో రాయిని దాచుకొనిన సంగతి తావెర్నియే వ్రాసినాడు. ఒకనికి దేహము వజ్రమును తొడుగుకొను చోటు. మఱియొకనికి అది వజ్రమును దాచుకొను చోటు. కలిమిని చూపుటకే అలంకారమన్నచో ఈ నిర్ణయములు అక్కఱలేదు, కొనగలవాడు కొనుక్కొనును. కాని ఎంత పెద్దరాయి ఎవరి ఒంటిమీద నుండవలెనో ధరకుముందే రాజశాసనము తేల్చియుంచినది. వెలకంటె అర్హత ముందు.

ఇది మనదేశమునకే పరిమితము కాదు. రష్యాలో జారు పీటరు 1698లో దర్బారులోని ప్రభువుల గడ్డములు గీయించి, 1705లో గడ్డముపై పన్ను విధించెను. జపానులో పండ్లకు నల్లరంగు పూయుట వంశగౌరవముగ చెల్లుచుండగా, 1870లో ప్రభుత్వము ఉన్నతవంశీయులకు దానిని నిషేధించెను. తురుష్కదేశమున 1925లో చట్టముచేత రూమీటోపీ తొలగింపబడినది. ఆ టోపీయే హైదరాబాదులో అటుపిమ్మట ఇరువదేండ్లకు పైగ పెద్దమనిషి తలపై నిలిచినది. రాజ్యములు జనుల గడ్డములను, దంతములను, టోపీలను పట్టించుకొన్నవనగా, అవి సొంత ముచ్చటలు మాత్రమే కావని రాజ్యములకు తెలిసియుండెనన్నమాట.

4. గంధ తాంబూలములు

కల్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున కూర్చిన మానసోల్లాసము స్నానమును, తాంబూలమును, విలేపనమును, వస్త్రమును, మాల్యమును, భూషణమును వేర్వేఱు భోగములుగ విభజించి వర్ణించినది. అంతకు ఆఱువందల ఏండ్లనాడే వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమును కేటాయించెను. మానసోల్లాసకర్త రాజు. ఆతనికి అలంకారము రాజధర్మములో భాగము. ఏ ఋతువునందు ఏది పూసికొనవలెనో, ఏది కట్టుకొనవలెనో విధింపబడినది. ఇచ్చవచ్చినట్లు సింగారించుకొనుటకును ఇట్టి విధికిని దూరము చాల కలదు.

ఈ సంప్రదాయము దక్కను సుల్తానుల కొలువులలో పారసీక మర్యాదలతో కలిసినది. ప్రభువు మెచ్చినవానికి ఖిల్అత్ అను వస్త్రము ఇచ్చుట, కొలువు చాలించునపుడు అత్తరును తాంబూలమును ఇచ్చుట ఆ మర్యాదలో భాగములు. ప్రభువిచ్చిన వస్త్రమును ధరించినవాడు ఆ ప్రభువుతోడి సంబంధమును ఒంటిపై ధరించినట్లే. నిజాముల కాలమునాటి దర్బారునకు పోవువారు దస్తారు చుట్టి, బగ్లూసు నడికట్టు బిగించుట నియమము.

వంతెనకు ఆవలనున్న తెలుగు లోగిలిలో దీనికి ప్రతిరూపము కలదు. పేరంటమునకు వచ్చిన ముత్తైదువ పాదములకు పసుపు రాసి, మెడకు గంధము పూసి, నుదుట కుంకుమ పెట్టి, పూలును తాంబూలమును ఇచ్చి పంపుదురు. ఒకచోట ఇచ్చువాడు సుల్తాను, మఱియొకచోట గృహిణి, వ్యాకరణము ఒక్కటే. అద్దమువద్ద నిలిచి తన ముఖమును తాను దిద్దుకొను వ్యక్తి ఈ రెండు దృశ్యములలోను లేదు. ఒకరు మఱియొకరి దేహమును అలంకరించుచున్నారు. పుట్టినింటివారు ఆడుబిడ్డకిచ్చు భూమినిసైతము మన భాషలో పసుపుకుంకుమల క్రింద ఇచ్చినదందురు. అలంకారద్రవ్యముపేరు ఆస్తిహక్కునకు పేరగుట చిన్నవిషయము కాదు.

పురానాపూల్ చెంతనే కుతుబ్‌షాహీల చివరి దినములలో వెలసిన మియామిష్క్ మసీదు కలదు. దానిని కట్టించిన మాలిక్ మిష్క్ హబ్షీజాతివాడు, సేనలో పెద్ద అధికారి. మిష్క్ అనగా కస్తూరి. ఆఫ్రికానుండి తేబడినవారికి అంబరు, మిష్క్, కాఫూరు అను పరిమళద్రవ్యముల పేళ్ళు పెట్టుట వాడుక. అహమ్మదునగరపు మాలిక్ అంబర్ పేరు ఇట్టిదే. ప్రభువునకు కస్తూరియు భోగ్యమే, కస్తూరి పేరిటి మనుష్యుడును భోగ్యమే. అట్టివాడు తన పేర మసీదు నిలుపగలిగిన స్థితికి వచ్చుట దక్కను చరిత్రలోని విశేషము.

5. గాజు

బాట చివర లాడ్‌బజారు. లాడ్ అనగా గారాబమని కొందఱును, లక్కనుండి వచ్చినదని కొందఱును అందురు. ఇచటి లక్కగాజులకు పేరు దేశమంతట వ్యాపించినది. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. లక్క చెట్లకొమ్మలపై ఒక పురుగు స్రవించు జిగురు. దానిని బొగ్గుల కుంపటిపై కరగించి, రంగు కలిపి, మెత్తగ నున్నపుడే కడ్డీగ సాగదీసి, వలయముగ వంచి, కొలత సరిచూచి, వేడి ఆఱకముందే ఒక్కొక్క రాయిని చేతితో అదుముదురు. పని పెక్కుపాళ్ళు చుట్టుపట్ల ఇండ్లలోనే జరుగును, స్త్రీలును పాల్గొందురు. ఆ పురుగునుండియే ఎఱ్ఱరంగును వచ్చును. సంస్కృతమున అలక్తకమని, తెలుగున లత్తుకయని దానికి పేరు. చేతికి గాజును, కాలికి ఎఱుపును ఒక్క పురుగే ఇచ్చినదన్నమాట.

గాజులమ్మువారి స్థానమును విశేషమైనదే. పల్లెలలో గాజులబలిజ మలారము భుజముననిడుకొని ఇంటింటికి తిరిగి, ఇల్లాండ్ర చేతులను తన చేతిలోనికి తీసికొని గాజులు తొడిగెడివాడు. పరపురుషుని నీడ తగులరాదన్న ఇండ్లలోకూడ ఆతనికి ఈ అధికారము కలదు. నగరములో మనిహారులు ఆ పని చేసిరి. పెండ్లికి, సీమంతమునకు గాజులు తొడుగుట ఊరి తరఫున జరుగు కార్యము. తొడుగువాడు అందులో పరపురుషుడు కాడు, ఒక పురోహితునివంటివాడు.

ఈ వస్తువులచుట్టు భాష ఎట్టి కంచె కట్టినదో తెలుగు పాఠకులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. కుంకుమ అయిపోయినదనక నిండుకొన్నదందురు. మంగళసూత్రము తెగినదనక పెరిగినదందురు. దీపము ఆఱినదనక కొండెక్కినదందురు. తెగుట, ఆఱుట అను మాటలు వేఱొక సన్నివేశమునకు దాచియుంచబడినవి.

6. తీసివేత

ఆ సన్నివేశమే మా వాదమునకు కీలకము.

మొహర్రము మాసమున పాతనగరములోని షియా స్త్రీలు గాజులు తీసివేసి నల్లని దుస్తులు ధరింతురు. ఇమాము హుసేను బలిదానమునకై పాటించు ఈ శోకము రెండు నెలల ఎనిమిది దినములు సాగును. పిదప రంగులును గాజులును మఱల వచ్చును. ఇచట తీసివేత అందఱును కలిసి తమంతట పాటించునది. దానికి గడువు కలదు. అది ఏ ఒక్కతెను వేఱుచేయదు. ఒక సమాజము తన దుఃఖమును ఒంటిమీద వ్రాసికొను పద్ధతి అది.

హిందూకుటుంబములలో భర్త మరణించిన స్త్రీకి జరిగినది వేఱు. పదవనాడు నలుగురిలో కూర్చుండబెట్టి, చివరిసారి పసుపు పూసి, పూలు ముడిచి, గాజులు తొడిగి, పిదప అన్నింటిని తీసివేసిరి. కొన్ని కులములలో శిరోజములనుకూడ విడువలేదు. దీనికి గడువు లేదు. ఆమె సమ్మతిని అడిగినవారు లేరు. అలంకారము పురుషునాకర్షించుటకు మాత్రమే యైనచో, ఆకర్షింపవలసినవాడు పోయినపిమ్మట అది దానంతట మానిపోవలెను. కలిమికొఱకు మాత్రమే యైనచో ఒక్క రూపాయి విలువలేని కుంకుమబొట్టును తుడువ పనిలేదు. తీసివేయుటకు ఒక క్రతువు కావలసివచ్చినదన్న ఒక్క విషయమే, ఆ బొట్టులో ఆమె సామాజిక స్థితి అంతయు ఇమిడియున్నదని సమాజము తానే ఒప్పుకొన్నట్లు. బొట్టుతోపాటు పేరంటపు పిలుపును, శుభకార్యములలో ముందు నిలుచు హక్కును పోయినవి.

1856 చట్టము బ్రిటిషు ఇండియాలో వితంతువునకు పునర్వివాహపు హక్కు నిచ్చినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు తొలి వితంతువివాహము జరిపించిరి. కాని మఱల పెండ్లాడని వితంతువునకు పూలును కుంకుమయు ఇచ్చు చట్టమేదియు లేదు. ఆమె వాటిని పొందవలెనన్న మఱియొక భర్తను పొందవలెను. 2022లో మహారాష్ట్రమున కొల్హాపూరు జిల్లా హేర్వాడ్ గ్రామపంచాయతి, గాజులు పగులగొట్టుట, కుంకుమ తుడుచుట వంటి ఆచారములు మానవలెనని తీర్మానించినది. ఈ తీర్మానమును సౌందర్యవిషయముగ ఎవరును భావింపలేదు, న్యాయవిషయముగనే గ్రహించిరి.

మరణించినవారి అలంకారము ఈ వాదమును ఇంకను బలపఱచును. పురానాపూల్ ప్రక్కనే మూసీతీరమున శ్మశానవాటిక కలదు. భర్త యుండగా మరణించిన స్త్రీని పసుపుకుంకుమలతో, పూలతో సింగారించి తెచ్చుట మన ఆచారము. దారికి ఆవలికొసన, గోల్కొండ కోటకు చేరువగ, కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఒక హమాము కలదు. రాజుల పార్థివదేహములకు స్నానము చేయించినది అచటనే. ఆకర్షించుటయు, ఆకర్షింపబడుటయు ముగిసిపోయిన దేహమునకు ఈ కడపటి సంస్కారమేల? ఆ వ్యక్తి ఏ స్థితిలో వెడలిపోవుచున్నదియు మిగిలినవారు చాటవలసియుండుటచేతనే.

7. రెండు ఆక్షేపములు

మా వాదమునకు రెండు ఆక్షేపములు రాగలవు. అలంకారము స్థితికి గుర్తే యైనచో, నిత్యము అలంకరించుకొను వారకాంతలకు ఉన్నతస్థితి ఏల కలుగలేదనునది మొదటిది. పురానాపూల్‌నుండి చార్మినారునకు పోవు దారికి చేరువనున్న మహబూబ్ కీ మెహందీ నిజాములకాలమున గాయికల, నర్తకుల కోఠాలకు ప్రసిద్ధి. గోరింటాకు పేరు ఆ వాడకే నిలిచిపోయినది. మన సంప్రదాయము దేవదాసిని నిత్యసుమంగళియని పిలిచినది. వైధవ్యము లేదు గనుక అలంకారము తీయువారు లేరు. కాని తీయువారు లేకుండుటకు కారణము, కులస్త్రీకిగల స్థానమును ఆమెకు మొదలే ఇయ్యకుండుటయే. మహలఖాబాయి చందా (1768–1824) దీనికి తార్కాణము. ఉర్దూలో దివాను కూర్చిన కవయిత్రిగ, జాగీరులు పొందిన ధనికురాలుగ ఆమె పొందిన గౌరవము నగలవలన వచ్చినది కాదు. కవిత్వమువలన, దర్బారులోని పలుకుబడివలన వచ్చినది. మౌలాఅలీ గుట్టచెంత ఆమె సమాధి నేటికిని కలదు. గుర్తు స్థితిని తెలుపును, స్థితిని సృష్టింపజాలదు.

రెండవ ఆక్షేపము నిజాములనుబట్టి. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ దుస్తులకై పురానీ హవేలీలో రెండంతస్తుల కొయ్య అలమరల శాల వెలసినది. ఆతని కుమారుడు ఉస్మాన్ అలీఖాన్, 1937లో లోకములోకెల్ల ధనికుడని ప్రసిద్ధికెక్కినవాడు, వెలిసిన షేర్వానీతో, పాత టోపీతో కాలము గడపెను. జేకబ్ వజ్రమును ఆతడు కాగితములపై బరువుగ వాడెనని చెప్పుకొందురు. ఆ వజ్రముతోకూడిన 173 నగలను భారతప్రభుత్వము 1995లో 218 కోట్ల రూపాయలకు కొనినది. ఇద్దఱును రాజులే, మఱి అలంకారమున ఇంత భేదమేల?

ఇది మా వాదమునకు విరుద్ధము కాదు, పూరకము. ఎవని స్థితిని ఎవ్వరును శంకింపరో వానికి గుర్తు పెట్టుకొనుటయు పెట్టుకొనకుండుటయు ఇచ్ఛాధీనము. మాసిన షేర్వానీలోనున్నను నిజాము నిజామే. ఆతని కొలువునకు వచ్చినవానికి మాత్రము బగ్లూసు తప్పదు. కొత్తకోడలికి గాజులు తప్పవు. ఎవరి స్థితి ఇతరుల గుర్తింపుపై ఎక్కువగ ఆధారపడునో వారిమీదనే అలంకారపు భారము ఎక్కువగ పడినది. అలంకారమును స్త్రీలకు సహజమైన చాపల్యమని వెక్కిరించినవారు ఈ సూత్రమును గమనింపలేదు. ఆ గుర్తు లేనిచో తన ఇంటిలోనే స్థానము కోల్పోవు స్థితిని ఆమెకు కల్పించి, గుర్తుకై ఆరాటపడుచున్నదని ఆమెనే నిందించుట తగదు.

8. ఉపసంహారము

ఇంతవరకు చెప్పినదానిసారము ఇది. అలంకారములో మోహము కలదు, కలిమి కలదు. కాని రెండింటికిని ఆధారమై స్థితిసూచకత్వము కలదు. అది ఇచ్చిపుచ్చుకొను మర్యాద. దాని బలము పెట్టునపుడుకంటె తీయునపుడు స్పష్టమగును. ఈ నేలమీద కుతుబ్‌షాహీల మర్యాదయు, తెలుగింటి పేరంటమును వేర్వేఱు భాషలలో ఈ ఒక్క విషయమునే చెప్పినవి.

పరిశోధక విద్యార్థులు చేయవలసిన పని ఇంకను మిగులగలదు. అగసాలెలు, గాజులబలిజలు, మనిహారులు, అత్తరువర్తకులు, పచ్చబొట్లు పొడుచు ఎఱుకలస్త్రీలు వాడు పనిమాటలను సేకరింపవలెను. నగలపేళ్ళను నిఘంటువులనుండి మాత్రమే కాక వారి నోటినుండి వినవలెను. శుభాశుభసూచకములైన పరోక్షోక్తులను ప్రాంతములవారిగ పట్టికలు వేయవలెను. అన్నింటికంటె ముఖ్యముగ, నగలు తీసివేయబడిన స్త్రీల మాటను వ్రాసికొనవలెను. ప్రబంధములు నాయిక ఆపాదమస్తకాలంకారమును వర్ణించినవి. తీసివేసినపిమ్మట ఆమె ఏమనుకొన్నదో వర్ణింపలేదు. ఆ మాట చేరనంతవరకు మన అలంకారచరిత్రము సగమే వ్రాసినట్లు.